ఎదురు కొస

తణుకు పాత ఊళ్లో నాగభూషణం స్టూడియోకి వెళ్లి పాత ఫొటోలు అడిగినవాళ్లు నవ్వు మొహంతో బయటికి రావడం ఈ నాలుగేళ్లలో ఎవరూ చూడలేదు. నాగభూషణం గారు పోయి చాలాకాలమైంది, పేరు మాత్రం బోర్డు మీద ఉంది. ఆ పేరు కిందే కొడుకు భాస్కర్ ఇంకో బోర్డు తగిలించాడు. "భద్రపరచిన ఫైళ్లు వెలికితీయుటకు పలక ఒక్కింటికి లక్షా పాతికవేలు. బేరములు లేవు." ఆ బోర్డు కింద కుర్చీ వేసుకుని కూర్చుని తిట్లు తినడం భాస్కర్ భార్య ప్రసూన పని. ఆయన వెనక గదిలో తలుపేసుకుని ఉంటాడు. ఆ గదిని ల్యాబ్ అంటాడు. తిట్లు అక్కడిదాకా వినపడవు, అదీ ఆయన సుఖం.

మా పెళ్లి ఫొటోలు మాకివ్వడానికి మా దగ్గరే లక్షలు గుంజుతారా అని మొదలుపెట్టి, వచ్చినవాళ్లు వాళ్ల వాళ్ల శక్తి కొద్దీ తిట్టి పోయేవాళ్లు. ఫోనులో చూసుకునే చిన్న కాపీలు ఆరోజే ఇచ్చేశామనీ, అసలు ఫైళ్లు గాజు పలకలో ఉన్నాయనీ, పలక చదవడమంటే పెట్టె మూత తీసినంత తేలిక కాదనీ ప్రసూన ఓపిగ్గా చెప్పేది. చెప్పీ చెప్పీ ఆమెకి నోరు నొప్పి పుట్టేదే తప్ప వినే నాథుడు లేడు. నిజం చెప్పాలంటే ఆ ధర చూస్తే ఆమెకీ సిగ్గుగానే ఉండేది. మొగుడికి డబ్బు పిచ్చి పట్టిందనే ఆమె అనుకుంది.

పలక భాస్కర్ సొంత తెలివి. ఎమ్మెస్సీ ఫిజిక్సు చదివి కాలేజీలో పాఠాలు చెప్పుకునే మనిషి, తండ్రి పోయాక స్టూడియోలో వచ్చి కూర్చున్నాడు. ఒక వానాకాలం వరద లోపలికొచ్చి ఆరేళ్ల పెళ్లిళ్లున్న హార్డ్ డిస్కులన్నీ నానిపోయాయి. ఆ ఏడాది ఊరి చేత పడ్డ మాటలు ఆయన మర్చిపోలేదు. రెండేళ్లు తిండీ నిద్రా మాని, అరచేయంత గాజు పలక లోపల కాంతితో రాసే యంత్రం తయారుచేశాడు. ఒక పలకలో ఒక పెళ్లి మొత్తం పట్టేస్తుంది. చెమ్మ తగలదు, బూజు పట్టదు, నీళ్లలో వేసినా చెక్కుచెదరదు. జిల్లాలో ఫొటోగ్రాఫర్లంతా కుళ్లుకున్నారు.

అయితే ఆ మహానుభావుడు రాయడం పరీక్షించినంత శ్రద్ధగా చదవడం పరీక్షించలేదు. చిన్న చిన్న గాజు ముక్కలు చదివి చూసుకున్నాడు, బ్రహ్మాండంగా వచ్చింది. నిండు పలక చదివే అవసరం మొదటి నాలుగేళ్ల పాటు రాలేదు. వచ్చిన రోజున అసలు సంగతి బయటపడింది. చిన్న ముక్క చల్లారినట్టు నిండు పలక చల్లారదు. ఒక కొస నుంచి చదవడం మొదలుపెట్టగానే లోపలి వేడంతా ఎదురు కొసకి పోయి చేరుతుంది, అక్కడ గాజు పాలలా తెల్లబడిపోతుంది. ఐదే ఐదు నిమిషాలు. పలకలో పదోవంతు ఇక ఎవరికీ దక్కదు, మిగతాదంతా నిక్షేపంగా వస్తుంది. వేడి లేకుండా చదివే దారి కనిపెట్టాలని అప్పుడు తలుపేసుకున్నవాడు ఇప్పటికీ తియ్యలేదు. ఈలోపు ఎవరూ అడగకుండా ఉండాలని ధర ఆకాశంలో పెట్టాడు. అయినా తప్పనివాళ్లు డబ్బు కట్టేవాళ్లు. చివరి పదోవంతు పాడైపోవచ్చునని కాగితం రాయించుకుని వాళ్లకి ఫైళ్లు ఇచ్చేవాడు.

ఆ సోమవారం అత్తిలి నుంచి ఒకమ్మాయి వచ్చింది. తిట్టలేదు, అరవలేదు. పెళ్లి ఫైళ్లన్నీ వచ్చాయిగానీ గౌరీపూజ లేదని మాత్రం చెప్పింది. గౌరీపూజలో వాళ్ల అమ్మమ్మ పక్కన కూర్చుందట. పీటల మీదికి వచ్చేసరికి ఆవిడకి ఆయాసం వచ్చి లోపల పడుకోబెట్టారట, ఇంకే ఫొటోలోనూ లేదట. ప్రసూన అలవాటుగా కాగితం తీసి వేలితో చూపించబోయి ఆగిపోయింది. కాగితంలో చివరి పదోవంతు అని ఉంది. గౌరీపూజ పెళ్లికి మొదలు.

ఆ అమ్మాయి వెళ్లాక పాత రసీదులన్నీ ముందేసుకుంది. నాలుగేళ్లలో పలక చదివించుకున్నవాళ్లు పదకొండు మంది. అందరి ఫిర్యాదులూ ఆమె స్వయంగా రాసుకున్నవే. మంగళస్నానాలు లేవు, నలుగు లేదు, పెళ్లికొడుకుని చేసిన ఫొటోలు లేవు. అప్పగింతలు పోయాయన్న మనిషి ఒక్కడూ లేడు. అంటే ఈయన ప్రతి పలకనీ చివరి నుంచి వెనక్కి చదువుతున్నాడు. ఎందుకో ఆమెకి అంతుపట్టలేదు. అన్నం దగ్గర అడిగితే, గాజు గుణం నీకు తెలీదులే అని కంచంలోకి చూస్తూ అన్నాడు.

రెండ్రోజులకి మంగతాయారు వచ్చింది. రైలు గేటు దగ్గర టిఫిన్ల దుకాణం ఆవిడది, తణుకులో ఆవిడ పెసరట్టు తినని మనిషి ఉండడు. మూడు నెలల కిందట ఆ దుకాణంలో గ్యాసు అంటుకుంది. పొయ్యి దగ్గర నిలబడ్డది కూతురు కీర్తన. పంతొమ్మిదేళ్ల పిల్లకి ప్రాణం దక్కింది గానీ ముఖం దక్కలేదు. విశాఖపట్నంలో ఒక ఆస్పత్రిలో మనిషి సొంత కణాల నుంచే ముఖం పెంచి అతికిస్తున్నారు. దానికి కాలిపోక ముందటి ముఖం కొలతలు కావాలి. చుట్టూ అన్ని వైపుల నుంచీ, రంగూ పౌడరూ లేని ముఖం. ఫోనులో ఉన్నవన్నీ నున్నగా చేసిన ఫొటోలు, అవి కొలతకి పనికిరావన్నారు. వచ్చే వారం గురువారానికల్లా అచ్చు పొయ్యాలి, ఆ తర్వాత మచ్చలు బిగుసుకుపోతాయి.

మంగతాయారుకి ఒక సంగతి గుర్తొచ్చింది. ఐదేళ్ల కిందట ఓణీల ఫంక్షనప్పుడు, అలంకరణ చేసేవాళ్లు రాకముందే, భాస్కర్ ఆ పిల్లని స్టూలు మీద కూర్చోబెట్టి చుట్టూ పన్నెండు కెమెరాలు పెట్టాడు. లైటింగ్ సరిచూసుకోవడానికి ఆయన ప్రతి ఫంక్షన్లోనూ మొట్టమొదట చేసే పని అది.

ఆవిడ చేతి బంగారు గాజులు రెండూ తీసి బల్ల మీద పెట్టింది. "డాక్టర్లు ఏదో ఒక మొహం పెట్టేస్తామంటున్నారండి. ఏదో మొహం ఎందుకండీ మాకు. దాని మొహం దానికి కావాలి."

భాస్కర్ ఎప్పుడూ లేనిది తలుపు తీసుకుని బయటికి వచ్చాడు. మొన్న తుపానుకి బీరువా ఒరిగిందనీ, కీర్తన పలక ఉన్న డబ్బా కింద పడి పగిలిందనీ నెమ్మదిగా చెప్పాడు. మంగతాయారు ఏడవలేదు. కాసేపు గాజుల వంక చూసింది.

"ముక్కలైనా ఉన్నాయా బాబూ?"

పారేశామన్నాడు. ఆవిడ గాజులు తొడుక్కోకుండా సంచిలో వేసుకుని మెట్లు దిగిపోయింది.

ప్రతి శుక్రవారం పలకల డబ్బాలన్నీ మెత్తటి గుడ్డతో తుడిచేది ప్రసూనే. తుపానుకి స్టూడియోలో ఒక్క గాజు గ్లాసు కూడా పగల్లేదని ఆమెకి తెలుసు. బీరువా తీసింది. రెండువందల పద్నాలుగో డబ్బాలో కీర్తన పలక కడిగిన అద్దంలా ఉంది. దాన్ని పట్టుకుని తిన్నగా ల్యాబ్‌లోకి వెళ్లింది. ఇంత పాపం ఎందుకు చేశారని అడుగుదామనుకుంది గానీ, ఆయన మొహం చూసి గుమ్మంలోనే ఆగిపోయింది. పలక ఎక్కడ జారిపోతుందోనని రెండు చేతులూ చాపి, కదలకు ప్రసూనా అంటున్నాడు.

ఆమె పలక బల్ల మీద పెట్టాక ఆయనే కంప్యూటర్ తెరిచి, చూడమని కుర్చీ జరిపాడు.

తెర మీద హంసిక ఉంది.

హంసిక వాళ్ల కూతురు. ఐదేళ్ల కిందట, ఆరేళ్ల వయసులో, డెంగీ జ్వరమొచ్చి తొమ్మిది రోజుల్లో పోయింది. ఆస్పత్రి హడావిడిలో ఫోను ఎవరో కొట్టేశారు. ఆ ఏడాదే ఇంట్లో డిస్కు కూడా చచ్చిపోయింది. ఊరందరి పిల్లల ఫొటోలూ దాచిన ఇంట్లో సొంత పిల్లది దండ వేసిన ఫొటో ఒక్కటే మిగిలింది. ఆ ఒక్కదాన్నే చూసుకుంటూ బతుకుతున్న ప్రసూనకి ఇప్పుడు తెర మీద మామిడిపండు చీకుతున్న హంసిక, ఊడిన పన్ను చూపిస్తున్న హంసిక, వాళ్ల నాన్న చొక్కా తొడుక్కుని నేల ఊడుస్తున్న హంసిక వరసగా వస్తున్నాయి. ఆమె నవ్వింది. తెర మీద వేళ్లు పెట్టింది. తర్వాత ఆ నవ్వు మొహం మీదే గడ్డకట్టుకుపోయింది.

"ఎన్నాళ్ల నుంచి ఉన్నాయి ఇవి?"

నాలుగేళ్లు అన్నాడు.

"నాలుగేళ్లు మీరొక్కరే చూసుకుంటున్నారా?"

ఆయన చెప్పిందంతా ఇదీ. నాగభూషణం గారి కాలంలో రీలుకి ముప్పయ్యారు ఫొటోలు. పెళ్లి ముప్పైనాలుగుతో ముగిస్తే మిగిలిన రెండూ ఇంటికొచ్చి సొంత పిల్లల మీద కొట్టి, అప్పుడు రీలు కడిగించేవాడు. భాస్కర్ చిన్నప్పటి ఫొటోలన్నీ అలా ఎవరో ఒకరి పెళ్లి చివర తీసినవే. ఖాళీ వదలడమంటే ఆ ఇంట్లో అన్నం పారబోసినట్టు. ఆ బుద్ధితోనే భాస్కర్ కూడా పలక చివర మిగిలిన చోటల్లా హంసికని నింపాడు. ఇరవైమూడు పలకల్లో, పరాయివాళ్ల వేడుకల కొసన, పిల్ల ఉంది. అప్పట్లో అది సరదా. పిల్ల పోయి, డిస్కు పోయాక, ఆ కొసలే మిగిలాయి. సరిగ్గా అప్పుడే ఎదురు కొస తెల్లబడుతుందని బయటపడింది. వాళ్లవైపు నుంచి చదివితే పిల్ల పోతుంది, పిల్లవైపు నుంచి చదివితే వాళ్ల మొదలు పోతుంది. చదవక తప్పని పదకొండు పలకలూ ఆ ఇరవైమూడింట్లోవే అయ్యాయి, పదకొండుసార్లూ ఆయన పిల్లవైపు నుంచే చదివాడు.

నీకు చెబితే ఒప్పుకోవని చెప్పలేదన్నాడు. వేడి లేకుండా చదివే దారి దొరికాక అన్నీ కలిపి ఒకేసారి నీ ముందు పెడదామనుకున్నానన్నాడు. ప్రసూనకి ఒళ్లు మండిపోయింది. అమ్మమ్మని పోగొట్టుకున్న అత్తిలి అమ్మాయికి కాగితం చూపించింది తను. అన్ని తిట్లూ తిన్నది తను. ఎందుకు తింటోందో కూడా తెలియకుండా తిన్నది. ఇంత జరుగుతుంటే ఈ మనిషి తలుపేసుకుని పిల్లని చూసుకున్నాడు. ఆ మాటే మొహాన అనేసింది.

"మరి ఈ పలకలో ఏముంది?" అని అడిగింది చివరికి.

"ఆ పదకొండింట్లోనూ ఫొటోలే. మిగిలినవాటిలోనూ అంతే," అన్నాడు భాస్కర్. "గొంతు ఉన్నది దీంట్లోనే. ఆ ఫంక్షన్‌కి మనతో వచ్చింది కదా, సాయంత్రం ఇంటికొచ్చాక వీడియో తీశాను. ఆరు నిమిషాలు. ఏం మాట్లాడిందో నాకూ గుర్తులేదు ప్రసూనా."

ఆమె కోపం అక్కడికక్కడే చల్లారిపోయింది. హంసిక అన్న మాటలు ఆమెకి వందల కొద్దీ గుర్తున్నాయి. ఏం అందో గుర్తుంది, ఎప్పుడు అందో గుర్తుంది. ఆ గొంతు మాత్రం రెండేళ్లుగా చెవిలోకి రావడం లేదు. ఎంత కళ్లు మూసుకుని కూర్చున్నా తన గొంతే వినపడుతుంది. ఈ సంగతి ఆమె మొగుడితో కూడా చెప్పుకోలేదు, తల్లిగా అంతకన్నా సిగ్గుచేటు లేదనుకుంది.

భాస్కర్ ఆమె మొహం చదివాడు కాబోలు, దగ్గరికి జరిగాడు. ఇంకొక్క ఏడాదిలో దారి దొరుకుతుందన్నాడు. "ఆ అమ్మాయి బతికుంది. డాక్టర్లు ఏదో ముఖం పెడతారు, అలవాటు పడుతుంది. మన హంసికి ఇంకేం మిగిలింది చెప్పు."

ఇలాంటప్పుడు ధర్మం మాట్లాడే తల్లులు కథల్లో ఉంటారేమో. ప్రసూన మాత్రం పలకని డబ్బాలో పెట్టి, బీరువా తాళం వేసి, తాళంచెవి కొంగున ముడేసుకుంది. ఆ రోజు గడిచింది, మర్నాడూ గడిచింది. ఆదివారం వెళ్లి సోమవారం వచ్చింది. బల్ల దగ్గర ఎవరేం అడిగినా రేపు రమ్మంది. మంగతాయారు మళ్లీ వస్తుందేమోనని భయపడింది. రాకపోతే ఇంకా భయపడింది.

మంగళవారం కూరలకి వెళ్తే, వద్దనుకుంటూనే కాళ్లు రైలు గేటు వైపు నడిచాయి. కాలిన దుకాణం ముందు మంగతాయారు బల్ల వేసుకుని ఇడ్లీలు అమ్ముతోంది. బల్ల వెనక తాడుకి దుప్పటి కట్టి ఉంది. ఆ దుప్పటి చాటు నుంచి రెండు చేతులు ఇడ్లీ పొట్లాలు కట్టి బయటికి అందిస్తున్నాయి. తినేవాళ్లు ఆ చేతుల వంక చూడకుండా ఇడ్లీల వంకే చూస్తున్నారు.

"అమ్మా, ఇంకెన్ని కట్టమంటావే?" అని దుప్పటి లోపలి గొంతు అడిగింది.

ఎంత బాగుందో ఆ గొంతు. నాలుగు కట్టవే తల్లీ అని మంగతాయారు వెనక్కి తిరక్కుండానే అంది. ఆ ఒక్క మాటకి ప్రసూన కూరల సంచి పట్టుకుని అక్కడే నిలబడిపోయింది. ఆ ఆరు నిమిషాల కోసం తన ప్రాణం లాగుతూనే ఉంది, అది ఆగదని కూడా ఆమెకి తెలిసిపోయింది. ఆగదని తెలిసే మంగతాయారు దగ్గరికి వెళ్లి, పలక పగల్లేదనీ, రేపు పొద్దున రమ్మనీ చెప్పింది. డబ్బులూ గాజులూ ఏమీ తేవద్దంది. పగల్లేదా అని ఆవిడ రెండుసార్లు అడిగింది. అబద్ధం ఎందుకు చెప్పారని మాత్రం అడగలేదు.

భాస్కర్ తను యంత్రం ముట్టుకోనన్నాడు. ముట్టుకోకపోతే నేనే పెడతానంది ప్రసూన. అంతే కాదు, ఆ పదకొండు ఇళ్లకీ ఫోను చేసి జరిగింది జరిగినట్టు తనే చెబుతానంది. ఊళ్లో తలెత్తుకోగలమా అన్నాడాయన. ఎత్తుకోలేమంది. మిగిలిన పలకల కోసం ఎన్నేళ్లయినా తలుపేసుకోమంది, దొరికింది మాత్రం ఇకమీదట ఆయన ఒక్కడే చూడ్డానికి వీల్లేదంది. ఆయన కింద కూర్చుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. ఆమె పక్కన కూర్చుంది గానీ మాట మార్చలేదు.

బుధవారం తొమ్మిదింటికి మంగతాయారు వచ్చి ల్యాబ్ గుమ్మంలో చెప్పులు విప్పింది. భాస్కర్ పలకని పట్టకారుతో తీసి యంత్రంలో బిగించాడు. ఏ కొస ఎవరిదో తెలియడానికి పలక అంచున సన్నటి గీత ఉంటుంది, గీత ఉన్నవైపు హంసిక. ప్రసూన వంగి చూసింది. గీత చదవడం మొదలయ్యే కాంతి వైపే ఉంది. అలవాటు కొద్దీ పెట్టాడో, తెలిసే పెట్టాడో ఆమె అడగలేదు.

"తిప్పండి," అంది.

ఆయన చెయ్యి కదల్లేదు. ఆమే మర విప్పి, పలక బయటికి తీసి, తిప్పి పెట్టి బిగించింది. తర్వాత మీట నొక్కింది.

నీలం కాంతి లోపలికి దిగింది. తెర మీద మొదట నల్లగా ఉంది, తర్వాత స్టూలు మీద పద్నాలుగేళ్ల పిల్ల కనిపించింది. బొట్టు లేదు, కాటుక లేదు. తలంటుకున్న జుట్టు తడిగా వీపు మీద ఉంది. ఎడమ బుగ్గ మీద అమ్మవారి మచ్చ ఒకటి. పన్నెండు కెమెరాలూ పన్నెండు వైపుల నుంచి ఆ ముఖాన్ని చూస్తున్నాయి. మంగతాయారు నోటికి కొంగు అడ్డం పెట్టుకుని, అదేనండి, అదేనండి మా కీర్తన అంటూ నేల మీద చతికిలబడిపోయింది.

ప్రసూన తెర చూడ్డం లేదు, పలక చూస్తోంది. ఎదురు కొసన మొదట ఒక మసక చుక్క లేచింది. అది ఇంకో చుక్కతో కలిసింది. పాలు పొంగినట్టు గీత దగ్గర నుంచి తెలుపు లోపలికి పాకింది. భాస్కర్ గోడ వైపు తిరిగిపోయాడు. ఆమె తిరగలేదు. తొమ్మిది రోజుల్లో పోయిన పిల్ల మళ్లీ ఐదు నిమిషాల్లో పోయింది, ఈసారి తన చేత్తోనే.

ఆ కెమెరాలు ఫొటోలతో పాటు శబ్దం కూడా పట్టాయని అప్పటిదాకా ఎవరికీ గుర్తులేదు. భాస్కర్ అలవాటుగా స్పీకర్ తిప్పాడు. లైటు స్టాండు ఈడుస్తున్న చప్పుడు, ఎక్కడో వంటవాళ్ల గోల. గచ్చు మీద పట్టీల చప్పుడు ఒకటి గలగలమంటూ దగ్గరికి వచ్చింది. ఆ వెంటనే గదిలో ప్రసూన గొంతు గట్టిగా వినపడింది. ఐదేళ్ల కిందటి గొంతు, పనిలో ఉన్న మనిషి విసుగు.

"హంసీ, అడ్డం రాకు. వాళ్ల ఫొటోలో పడతావు. పక్కకి పో."

పట్టీల చప్పుడు ఆగింది. తర్వాత మెల్లిగా దూరమైంది. పిల్ల ఒక్క మాట కూడా అనలేదు. తెర మీద కీర్తన ఎవరి వంకో చూసి నవ్వుతోంది.

మంగతాయారు కళ్లు తుడుచుకుని తలెత్తింది. "మీ పాపా అమ్మా? ఏదీ, కనపడదేం?"

"నేనే పక్కకి పొమ్మన్నానండి," అంది ప్రసూన. "మాట వినే పిల్ల. వెళ్లిపోయింది."